ఎడమ పడవకి రాసిన నూనె

ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి పక్కనే ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు. ఆయన పోయాక ఇంకెవరికి చెప్పాలని ఊరుకున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే కాబోలు నోరు పెగులుతోంది. ఇన్నేళ్ళూ దీన్ని కొంగున ముడేసుకుని తిరిగాను. వండుతున్నా, ధాన్యం చెరుగుతున్నా, ఎవరి పెళ్ళిలోనో పదిమందితో కలిసి నవ్వుతున్నా ఆ ముడి నడుముకి ఒత్తుకుంటూనే ఉంది.

పెద్ద తప్పేం కాదనుకుంటారేమో. నేనూ అలాగే అనుకుని చాలా కాలం గడిపాను. ఎవరినీ చంపలేదు. ఎవరి సొమ్మూ కాజేయలేదు. ఒక పడవకి నూనె రాశాను. ఏమైందని ఆయన అడిగితే ఏమీ లేదన్నాను. అంతే. అంతేనా? అంతే అయితే ఈ వయసులో, చూపు ఆనక, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే, కూర్చుని ఇదంతా ఎందుకు రాస్తున్నాను?

మాది నౌపడ దగ్గర పల్లె. ఊరికి ఒకవైపు వరి మళ్ళు, ఇంకోవైపు ఉప్పు మళ్ళు. ఆయన మా మేనత్త కొడుకు. పెళ్ళి కాకముందూ బావే, అయ్యాకా బావే. ఆయన తండ్రి, మా మావ, వ్యవసాయం మనిషి. మడి దున్నని చెయ్యి ఆయన లెక్కలో చెయ్యి కాదు. బావేమో ఉప్పు కొటారులో గుమాస్తా. నాగలి పడితే చాలు వంకరగా పోయేది. దానికితోడు చేతులు ఊరుకునేవి కావు, ఏదో ఒకటి విప్పడం, బిగించడం. ఆయన గోడకి మేకు కొట్టినా మావ పక్కన నిలబడి, ఈడి సేత ఏ పనీ తిన్నగా అవ్వదు అనేవాడు. తిట్టినట్టు కూడా ఉండేది కాదు. పొద్దు పొడిచింది అన్నట్టు చెప్పేవాడు.

పంతొమ్మిది వందల అరవై ఏడో, అరవై ఎనిమిదో. మా పాప అప్పటికి గొలుసులు చప్పుడు చేసుకుంటూ ఇల్లంతా పరుగెత్తే వయసు. ఉప్పు మళ్ళ పని చూడటానికి ఎక్కడినుంచో వచ్చిన ఒక ఇంజనీరు సరదాకి ఒక పడవ చేసుకున్నాడు. మన పడవల్లాంటిది కాదు. సన్నగా పొడుగ్గా రెండు పడవలు పక్కపక్కన పెట్టి, మధ్యలో దూలాలు వేసి కలిపి, దాని మీద తెరచాప. మొత్తం ప్లైవుడ్డే. ఆయనకి బదిలీ అయితే దాన్ని కొటారు వెనక బోర్లించి వెళ్ళిపోయాడు. వానలకి తడిసింది, ఎండకి ఎండింది, అంచులు పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. బావ అందరినీ అడిగి, ఎవరూ వద్దంటే, రెండెడ్ల బండి మీద ఇంటికి తోలుకొచ్చాడు. ఊళ్ళో పిల్లలంతా బండి వెనక నడిచారు. వాళ్ళే దానికి పేరు పెట్టారు, అట్టపడవ అని. మావ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, పొయ్యిలోకి బాగుంటాది అన్నాడు.

బావకి అది ఎందుకంటే, మమ్మల్ని ఎక్కించుకోవడానికి. మరేమీ లేదు. చేపలు పట్టడానికి కాదు, బేరానికి కాదు. మా అత్త పుట్టింది సముద్రం ఘోష వినిపించే ఊళ్ళో, మెట్టింది సముద్రం ఘోష వినిపించే ఊళ్ళో. కానీ జన్మలో పడవ ఎక్కలేదు. మా ఇళ్ళ ఆడవాళ్ళకి సముద్రమంటే పుణ్యస్నానం రోజు చీర పట్టుకుని మోకాళ్ళ లోతు దిగి మూడు మునకలు వేసి వచ్చేసేది. అమ్మని, నిన్ను, గుంటని కూకోబెట్టుకుని ఉప్పుటేట్లో, ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా తీసుకెళ్తాను అనేవాడు బావ. గుంటంటే మా పాప. అక్కడ పులిహోర తిని వచ్చేద్దాం అనేవాడు. ఆ పులిహోర మాట వచ్చినప్పుడల్లా మా అత్త చుట్ట నోట్లో పెట్టుకునే నవ్వేది. మా వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పు లోపలికి పెట్టి కాలుస్తారు కదా, ఆ నవ్వుకి ముక్కులోంచి పొగ వచ్చేది.

కోతలు అయ్యాక పెరట్లో గడ్డి పరిచి దాని మీద పడవని బోర్లించాడు. కొటారు నుంచి వచ్చి, ఇన్ని గంజినీళ్ళు తాగి, ఇక దాని దగ్గరే. గాజుపెంకుతో పాత రంగు గీకేవాడు. మొనదేలిన ఆరెతో గుచ్చి చూసేవాడు, మెత్తగా దిగినచోట బొగ్గుతో గీత గీసేవాడు. కుళ్ళిన ముక్క కోసి, దాని కొలతకి కొత్త ముక్క కోసి అతికేవాడు. పక్కన కూర్చుని నేను బియ్యంలో రాళ్ళు ఏరుకునేదాన్ని. ఆయన చెప్పేవాడు, నేను వినేదాన్ని. నాకేదో అంతా తెలిసినట్టు, నన్ను అడిగి చేస్తున్నట్టు చెప్పేవాడు. మా కాపురంలో అంత బాగున్న రోజులు మళ్ళీ రాలేదు. రాలేదని రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. ఎందుకు రాలేదో నాకు తెలుసు కాబట్టి.

పడవకి అసలు బలం లోపల ఉండాలట. అడుగు పలకలు కలిసేచోట, ఆ కొస నుంచి ఈ కొస దాకా, మద్దికర్ర బద్ద ఒకటి వేయాలి. పాత బద్దలు రెండు పడవల్లోనూ చివికిపోయాయి. కొత్తవి చేశాడు. చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేశాడు. ఇత్తడి మరమేకులు కావలసినన్ని దొరకలేదు. అందుకని బరువంతా బంక మీదే. ఆ బంక పొడి డబ్బా విశాఖపట్నం నుంచి రావాలి. దానికోసం పెరడంతా సిద్ధం చేసి పెట్టుకుని కాచుకున్నాడు. డబ్బా వచ్చిందని కబురొచ్చిన రోజు మధ్యాహ్నం దాన్ని తెచ్చుకోవడానికి స్టేషనుకి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే నేను నూనె రాశాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్త నాగలి గానీ, కొత్త బండి గానీ, కొత్త తలుపు గానీ, ఇంటికి ఏ కర్ర వచ్చినా పనిలోకి దిగేముందు కోడలు దానికి ఇప్పనూనె పెట్టాలి. పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టాలి. పసిబిడ్డకి తలంటినట్టు. అలా చేస్తే ఆ కర్ర ఇంటివాళ్ళకి చెడు చెయ్యదని. మా అత్త వాళ్ళ అత్త నుంచి నేర్చుకుంది, నేను మా అత్త నుంచి నేర్చుకున్నాను. పడవ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది. లోపలికి వంగి చూస్తే రంగు గీకిన ఆ కర్ర తెల్లగా, పొడిగా, చలికి ఒళ్ళు పగిలిన పిల్లలా ఉంది. రేపు దీంట్లోనే కదా నా మొగుడూ, నా కూతురూ కూర్చునేది అనిపించింది. చలికి నెయ్యిలా పేరుకున్న నూనెని కుంపటి మీద కరిగించి, గుడ్డ ముంచి, ఎడమ పడవ లోపల మొత్తం రాశాను. బద్ద కూర్చునే చోట ఇంకా ఎక్కువ రాశాను, అక్కడే బలమని బావ చెప్పాడు కదా. దానికి వేయాల్సిన బద్దకీ రాశాను. కుడి పడవకి వచ్చేసరికి నూనె అయిపోయింది. తర్వాత రాద్దామనుకున్నాను. ఆరిన కర్ర క్షణంలో పీల్చేసుకుంది. పైన మిగిలింది తుడిచేశాను. మా ఇంట్లో దీపం కూడా ఇప్పనూనెదే కాబట్టి ఆ వాసన ఎవరికీ కొత్త కాదు.

ఎంత సంతోషంగా రాశానో చెప్పలేను. ఆ సంతోషం ఇప్పటికీ చేతులకి గుర్తుంది. దాన్ని తప్పని అనలేను. మీరు కూడా అనకండి. తప్పు మర్నాడు చేశాను.

మర్నాడు కొటారుకి సెలవు. బావ కొబ్బరిచిప్పలో బంక కలుపుతున్నాడు. డబ్బా మీద రాసి ఉన్నది ముందురోజు చదివాడో లేదో, ఒకపక్క పుల్లతో తిప్పుతూ మళ్ళీ పైకి చదువుతున్నాడు. మావ వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని చూస్తున్నాడు. నేను మంచినీళ్ళ చెంబుతో వచ్చాను.

"కర్ర ఎండుగుండాలట. దుమ్ము ఉండకూడదట. నూనె సుక్క తగిలినా పట్టదట," అని చదివి, నావైపు చూసి నవ్వాడు బావ. "నీ జడ ఇటు రానీకే."

నా కాళ్ళు ఆగిపోయాయి.

"ఏటే, అలాగ సూస్తన్నావు?"

"ఏటీ లేదు బావా."

"ఏటో ఉన్నాది. మొకం సూడు ఎలగున్నాదో. సెప్పు."

మంచం మీదినుంచి మావ అందుకున్నాడు. "ఆ బంక గడ్డకట్టిపోతాది గాని, పెళ్ళాం మొకం తరవాత సూసుకోరా. ఇది కూడా సెడగొట్టీలాగున్నావు."

బావ చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆయన పుల్ల తిప్పడం ఆపలేదు, నన్ను చూడటమూ ఆపలేదు. నేను చెబుతానని ఆగాడు. నిజంగా ఆగాడు.

"ఏటీ లేదు," అన్నాను.

మొదటిసారి అన్నది భయంతో. దాన్ని క్షమించుకోగలను. రెండోసారి అన్నది అలా కాదు. రెండోసారికి నాకు ఆలోచించుకునే వ్యవధి ఉంది. ఆలోచించే అన్నాను. ఏమాలోచించాను? మావ ముందు చెబితే, పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోలేనివాడు పడవేం చేస్తాడు అంటాడని. కలిపిన బంక పాడైపోతుందని. నూనె పెట్టడం పెద్దలనాటి పద్ధతి, ఎక్కడో ఎవరో డబ్బా మీద అచ్చేసిన మాటకి అది చెడ్డదైపోతుందా అని. ఇవన్నీ అనుకున్నమాట నిజమే. వీటన్నిటి కిందా ఇంకొకటి ఉంది. ఆయన చూస్తుండగా, ఆయన అంత మురిపెంగా చేసుకున్న పనిని నేను పాడుచేశానని చెప్పడం నాకు సిగ్గేసింది. నన్ను అంత తెలివైనదాన్ని చేసి అన్నీ చెప్పేవాడు కదా. ఆ పీట దిగడం నాకు ఇష్టం లేకపోయింది. రెండు పడవల్లోనూ ఆయన బద్దలు కూర్చోబెట్టి, తాళ్ళు చుట్టి, బరువులు పెట్టి బిగిస్తుంటే నేను పక్కన నిలబడి తాడు అందించాను.

మాఘంలో ఒకరోజు, గాలి మెత్తగా ఉన్నప్పుడు, ఉప్పుటేట్లోకి దించాం. అత్త రెండు పడవల ముక్కులకీ పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. కోరాగుడ్డ తెరచాప నిండుగా లేచింది. అత్త కొత్తచీర, నోట్లో చుట్ట, మధ్య పలక మీద పెళ్ళికూతురిలా కూర్చుంది. పులిహోర గిన్నె నా ఒళ్ళో ఉంది. పాప ఎడమపక్కన నాన్న మోకాళ్ళ మధ్య కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి ఆడుతోంది. మావ చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద మాతో సమానంగా నడుస్తున్నాడు. కొంతదూరం వెళ్ళాక ఆయన ఒక మాట అన్నాడు. గాలికి సరిగ్గా వినపడలేదు. బావ మాత్రం విన్నాడు. నావైపు వంగి, బాగానే నడస్తన్నాది రా అన్నాడే మా అయ్య, అని చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. అప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నాకు తెలుసు. అలాంటి మొహం ఆయనకి ఉంటుందని అంతకుముందు తెలియదు.

మొగ దగ్గర అలలు లోపలికి తోస్తాయి. మూడో అలకో నాలుగో అలకో ఎడమ పడవలో చప్పుడు వినిపించింది. పెద్దదేమీ కాదు, కర్ర విరిగినట్టు కూడా లేదు. పాప కాళ్ళ కింద నీళ్ళు వచ్చాయి. అడుగు విచ్చుకుంది. ఆ పక్కంతా ఒక్కసారి కిందికి దిగింది, పాప జారి నీళ్ళలో పడింది. బావ దూకాడు. నేను ఏం చేశానో నాకు తెలియదు. ఆయన చేతికి గౌను అంచు దొరికే దాకా ఎంతసేపైందో కూడా తెలియదు. దగ్గర్లో వల వేసుకుంటున్న తెప్పవాళ్ళు వచ్చి మమ్మల్ని గట్టు దగ్గరికి చేర్చారు. అత్త నడుము లోతు నీళ్ళలో నిలబడి, తడిసిన చుట్ట అలాగే పట్టుకుని, గుంటేదిరా, గుంటేది అని అడుగుతూనే ఉంది, గుంట ఆవిడ కళ్ళముందే దగ్గుతున్నా.

పాప బతికింది. అది చెప్పేస్తున్నాను, మిమ్మల్ని ఏడిపించడం నాకు ఇష్టం లేదు. ఉప్పునీళ్ళు కక్కుకుంది, జ్వరపడింది, తేరుకుంది.

పడవని ఒడ్డుకి లాగాక బావ ఎడమదాంట్లో చెయ్యి పెట్టి బద్ద పట్టుకున్నాడు. దొరికిన ఆ నాలుగు మరమేకుల దగ్గర తప్ప ఎక్కడా అంటుకుని లేదు. లాగితే వచ్చేసింది. పాల మీద మీగడ తీసినట్టు బంక పొర మొత్తం దాంతోపాటు వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మావ పాపని భుజాన వేసుకుని ఉన్నాడు. "కూతుర్ని సంపుకుందువు. నీ సేతికి అతుకు పట్టదురా. ఈ పనులు ఒగ్గీ," అన్నాడు. బావ తల ఊపాడు. బంకని తిట్టలేదు, అలని తిట్టలేదు. నేను కొంగు పిండుకుంటూ అక్కడే ఉన్నాను. పాప దక్కింది, అందరూ ఏడుస్తున్నారు, ఆ ఏడుపులో ఏం చెప్పినా చెల్లిపోయేది. అప్పుడు చెప్పకపోయాక ఇంక ప్రతి రోజూ నిన్నటికంటే కష్టమైంది.

ఆ మాట ఇంట్లో నిలిచిపోయింది. మొదట్లో మావ అనేవాడు. తర్వాత అందరూ అన్నారు, బావే అందరికంటే ముందు అన్నాడు. కుర్చీ కాలు ఊగినా, గొడుగు పుల్ల ఊడినా, ఇది నాన్న అతుకేటి అనేది పాప. ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నవ్వాను.

పనిముట్లన్నీ టెక్కలిలో ఒక వడ్రంగికి ఇచ్చేశాడు. అది కూడా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి. బాబు పుట్టాక ఉయ్యాల కట్టాలి. దూలానికి తాడు వేసి, ముడి దగ్గరికి వచ్చేసరికి ఆగి, నన్ను పిలిచాడు. నువ్వు కట్టు, నీ సెయ్యి మంచిది అన్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ప్రతి ముడీ నేనే కట్టాను. నూతి చేంతాడు, పందిరి రాట, పిల్లల సైకిలు వెనక సంచి. ఆయన పక్కన నిలబడి చూసి, తృప్తిగా తలాడించేవాడు. నీ సెయ్యి మంచిది. ఎన్నిసార్లు విన్నానో ఆ మాట.

చెప్పాలని చూడలేదా? చూశాను. ఆయన మంచాన పడిన ఏడు, ఒక సాయంత్రం కాళ్ళు పడుతూ, ఆ పడవ ఉంది చూడు బావా, అని మొదలుపెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ సంగతి తలుచుకుని ఇంకా భయపడుతున్నానని అనుకున్నాడు. గుంట బతికింది, అదే చాలు, నా తప్పు నాకు తెలుసు, నువ్వు మనసులో పెట్టుకోకు అని ఓదార్చాడు. నన్ను. నేను ఓదార్పు తీసుకుని, దుప్పటి కప్పి, దీపం పెట్టడానికి లేచాను.

ఇంకొకటి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. ఎడమ పడవ పొయ్యిలోకి పోయింది, మావ అన్నట్టే. కుడి పడవని మావ పశువుల సాలలో కుడితితొట్టి చేశాడు. ఏళ్ళ తరబడి నేనే రోజూ దాంట్లో కుడితి పోశాను. కింద తడి ఉండేది కాదు. ఒకసారి బావ దాని దగ్గర వంగి, లోపలి బద్ద మీద వేలు రాస్తూ నిలబడ్డాడు. రెండింటికీ బద్దలు ఆయనే వేశాడు, ఒకే డబ్బా బంకతో, ఒకే రోజు. ఇది నిలిచిందే అని తనలో తను అనుకుని, మళ్ళీ తనే సర్ది చెప్పుకున్నాడు. ఆ ఇంజనీరు వేసిన అతుకు గట్టిది, నా బద్ద ఊరికే దాని పక్కన కూకున్నాది అన్నాడు. నా చేతిలో కుడితి కుండ ఉంది. అప్పుడు కూడా చెప్పలేదు, కుడితి పోసి వచ్చేశాను.

మొన్న ఆయన ఏడూడి తద్దినానికి అందరూ వచ్చారు. భోజనాల దగ్గర విస్తరి పుల్ల ఊడి పులుసు కారితే, మా అమ్మాయి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే, ఇది నాన్న అతుకే అయ్యుంటాది అంది. అందరూ నవ్వారు. మనవలు కూడా, ఆ పడవని చూడనివాళ్ళు కూడా. నాకు నవ్వు రాలేదు. నేను పోయాక కూడా ఈ మాట ఉంటుందని అప్పుడు తెలిసింది.

ఈవేళ పొద్దున్న సాలలోకి వెళ్ళాను. పశువులు ఎప్పుడో పోయాయి. ఆ తొట్టిలో ఇప్పుడు కొబ్బరి మట్టలు వేస్తున్నారు. అవన్నీ తీసి, కొడవలి మొన బద్ద కిందికి దూర్చి చూశాను. చుట్టూ ప్లైవుడ్డు పొరలు పొరలుగా రాలింది, చేత్తో నలిపితే పొడైంది. బద్ద కదల్లేదు. మొన దిగడానికి గోరంత సందు కూడా లేదు. నా బలం ఉన్నంతా పెట్టాను. కొడవలి వంగింది.

అమ్మాయిని ఈ సాయంత్రం రమ్మన్నాను. ఆ సాలలోనే చెబుతాను, కొడవలి దాని చేతికిచ్చి చూసుకోమంటాను. నీళ్ళలో పడింది అది. ఏమంటుందో తెలియదు. అమ్మా, పోనీలే అంటుందని మాత్రం ఆశ పెట్టుకోవడం లేదు. అనాల్సిన మనిషి లేడు.

కానీ పొద్దున్న అక్కడ, ఎవరూ లేనిచోట, ఆ బద్ద మీద చెయ్యి వేసి ఆయన అడిగినదానికి జవాబు చెప్పాను. నూనె రాశాను బావా, ఎడందానికి రాశాను, అన్నాను. పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కొబ్బరి మట్టలు మళ్ళీ సర్దకుండా, ఆ బద్ద కనబడేలా వదిలేసి వచ్చాను.